ఆ బొమ్మలు మళ్లీ వస్తున్నాయి, ఆ గొంతు మాత్రం రాదు

ప్రశ్న: నా వయసు ముప్పై నాలుగు. చిన్నప్పుడు నేనూ మా తమ్ముడూ బడి నుంచి రాగానే సంచులు ఒక మూలకు విసిరేసి టీవీ ముందు కూర్చునేవాళ్లం. ఆ వేళకు ఒక హాస్య కార్టూన్ వచ్చేది. అందులోని మాటలే మా ఇద్దరి మధ్య రహస్య భాష. ఇరవై ఏళ్ల తరువాత అది కొత్త ఎపిసోడ్లతో తిరిగి వస్తోందని ప్రకటించారు. ఆ వార్త చదివిన రోజు నాకు కన్నీళ్లు ఆగలేదు. ట్రైలర్‌ను ఆపి ఆపి, ఒక్కో బొమ్మా పరిశీలిస్తూ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మిగతా పాత్రలకు పాతవాళ్లే గొంతు ఇస్తున్నారు. అయితే ప్రధాన పాత్రకు గొంతు ఇచ్చిన నటుడు కొన్నేళ్ల కిందటే కన్నుమూశారు. ట్రైలర్‌లో ఆ బొమ్మ నోట వేరే గొంతు వినగానే గుండె కలుక్కుమంది. తమ్ముడికి పంపిస్తే, "అది మనది కాదక్కా, నేను చూడను" అన్నాడు. మావారేమో "పిల్లల బొమ్మల కోసం ఇంత ఆరాటమా?" అంటారు. మా పాపకు ఏడేళ్లు. తనకు ముందు పాతది చూపించాలా, కొత్తదా? కొత్తది బాగాలేకపోతే నా చిన్నతనం కూడా పాడైపోతుందేమోనన్న భయం ఒకటి పట్టుకుంది. విడుదల రోజున సెలవు పెట్టాలని ఉంది. అది మరీ ఎక్కువా?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీరు ఉత్తరంలో ఆ కార్టూన్ పేరు రాశారు. ఇక్కడ నేను దాన్ని తీసేశాను. పేరు కనబడితే చదివేవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు, అది గొప్పదా కాదా అన్న వాదన మొదలవుతుంది, మీ బాధ వెనక్కి పోతుంది. మీ పరిస్థితి మాత్రం ఆ ఒక్క కార్టూన్‌కే చెందినది కాదు. చిన్నప్పటి నవ్వు తిరిగి వస్తోందని విన్న ప్రతి ఒక్కరికీ సంతోషం వెనకాలే ఈ భయమూ వస్తుంది.

మీవారి మాటకు ముందుగా జవాబు చెప్పేస్తాను, దానికి ఎక్కువ చోటు అక్కర్లేదు. చూసేవాళ్లు పిల్లలన్నంత వరకు ఆయన అన్నది నిజమే. చేసినవాళ్లు మాత్రం ఎప్పుడూ పెద్దవాళ్లే, అదీ పని మీద ప్రాణం పెట్టే పెద్దవాళ్లు. 1993లో మొదలైన యానిమేనియాక్స్ అనే అమెరికన్ హాస్య కార్టూన్ వెనుక నిర్మాతగా స్టీవెన్ స్పీల్‌బర్గ్ ఉన్నారు. నాలుగైదు నిమిషాల అల్లరి సన్నివేశానికి కూడా పూర్తి వాద్యబృందం కూర్చుని సంగీతం వాయించేది. నవ్వు ఎక్కడ రావాలో, అంతకు అరక్షణం ముందు వయొలిన్ ఎక్కడ ఆగాలో ఆలోచించిన మనుషులు వాళ్లు. అంత శ్రద్ధతో చేసిన పనిని పాతికేళ్లు మనసులో దాచుకున్న మనిషి తన ఆరాటానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వనక్కర్లేదు. మీవారితో వాదించకండి. ఒక రాత్రి పక్కన కూర్చోబెట్టుకుని మీకు బాగా ఇష్టమైన పాత ఎపిసోడు ఒకటి చూపించండి. చిన్నప్పుడు మీకు అర్థం కాని చమత్కారాలు కొన్ని ఆయనకు ముందు తడతాయి. మీరు ఒకచోట నవ్వుతారు, ఆయన మరోచోట నవ్వుతారు. ఆ మాట మళ్లీ అనరని నా నమ్మకం.

ఇక మీ అసలు భయం. నా ఈ జవాబులో ఎక్కువ భాగం దీనికే.

ఆ కార్టూన్ మీకు మొదటి రోజే అంత నచ్చిందా? జాగ్రత్తగా గుర్తు చేసుకోండి. మొదటిసారి చూసినప్పుడు ఎవరు ఎవరో, ఆ పిచ్చి అరుపు ఎందుకో మీకు తెలిసి ఉండదు. అది రోజూ వచ్చింది, అదే వేళకు వచ్చింది, చూసినవే మళ్లీ మళ్లీ వచ్చాయి, అందుకే మీ ఇంట్లో మనిషైపోయింది. దీని వెనుక ఒక లెక్క ఉంది. ఆ రోజుల్లో అమెరికాలో రోజువారీ ప్రసారం కోసం తీసే కార్టూన్లకు 65 ఎపిసోడ్లు ఆనవాయితీ. వారానికి ఐదు రోజుల చొప్పున పదమూడు వారాలు నడుస్తాయి, అయిపోగానే మళ్లీ మొదటికి వస్తాయి. 1987లో మొదలైన డక్‌టేల్స్ మొదటి సీజను సరిగ్గా 65 ఎపిసోడ్లు. యానిమేనియాక్స్ మొదటి సీజను కూడా అంతే. అదే యానిమేనియాక్స్ 2020లో తిరిగి వచ్చినప్పుడు మొదటి సీజనుకు 13 ఎపిసోడ్లే ఉన్నాయి. ఆ పదమూడూ నవంబరు 20న ఒక్కసారిగా విడుదలయ్యాయి. ఆ రాత్రే అన్నీ చూసేసి, తెల్లవారేసరికి పాతదానికి సాటి రాదని తేల్చేసిన అభిమానులను నేను ఎరుగుదును. వాళ్ల బాధ నిజమైనదే. కానీ వాళ్లు ఒక చిన్ననాటి స్నేహితుణ్ణి, అదే సాయంత్రం పరిచయమైన మనిషితో పోల్చి చూశారు. ఆ పోటీలో ఏ కొత్తవాడూ గెలవలేడు.

హాస్యానికి ఈ చిక్కు మరీ ఎక్కువ. సాహస కథ తిరిగి వస్తే కథ ముందుకు కదిలిందన్న తృప్తి అయినా ఉంటుంది. నవ్వుకు ఆ ఊతం లేదు. మొదటిసారి విన్న చమత్కారం మనల్ని ఉలిక్కిపడేలా చేసి నవ్విస్తుంది. నూరోసారి విన్నది, వస్తోంది వస్తోంది అని ఎదురుచూసిన సంతోషంతో నవ్విస్తుంది. పిల్లలకు ఈ రెండో నవ్వే ఎక్కువ ఇష్టం. చెప్పిన కథే మళ్లీ చెప్పమంటారు, ఒక్క మాట మారినా ఒప్పుకోరు. పాత కార్టూన్ చూసినప్పుడు ఇప్పుడు మీకు వచ్చేది ఆ రెండో నవ్వు. కొత్తది ఇవ్వగలిగింది మొదటి నవ్వు మాత్రమే. రెండోదాన్ని దాని దగ్గర మొదటి రోజే అడిగితే అది ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది?

అందుకే మీకు నేను పెట్టే నియమం ఒకటే. అన్నీ ఒక్కసారిగా విడుదలైనా సరే, వారానికి రెండుకు మించి చూడవద్దు. ఆరు ఎపిసోడ్లు అయ్యేదాకా బాగుంది, బాగాలేదు అన్న మాట మీ నోట రాకూడదు. రెండు ఎపిసోడ్ల మధ్య నాలుగు రోజులు గడవనివ్వండి. ఆ నాలుగు రోజుల్లో కొత్తదాంట్లోని ఒక మాట వంట చేస్తుండగానో, బస్సులో కూర్చుని ఉండగానో దానంతటదే గుర్తొచ్చి పెదవి మీదికి నవ్వు వచ్చిందనుకోండి, పని జరుగుతోందన్నమాట. ఆరు ఎపిసోడ్లు అయినా ఒక్క మాట కూడా అలా వెంటరాకపోతే, అది బాగాలేదని నిశ్చింతగా చెప్పేసి పక్కన పెట్టేయండి. తిరిగి వచ్చినవన్నీ మంచివే అని నేను అనను. కొన్ని నిజంగానే బాగుండవు.

బాగుండకపోతే పాతది పాడవుతుందా? దీనికి టామ్ అండ్ జెర్రీయే సాక్ష్యం. చిన్నప్పుడు వాటిలో కొన్ని చూస్తుంటే నాకు ఏదో తేడాగా ఉండేది. అదే పిల్లి, అదే ఎలుక. కానీ కదలికలు కుదుపులుగా ఉండేవి, శబ్దాలు ఖాళీ గదిలో మోగినట్టు వినిపించేవి, నవ్వు రావలసిన చోట కొంచెం భయం వేసేది. తేడా తెలిసేది, కారణం తెలిసేది కాదు. పెద్దయ్యాక తెలిసింది. వాటిని సృష్టించిన హానా, బార్బెరా ఇద్దరూ కలిసి 1940 నుంచి 1958 వరకు 114 చిత్రాలు తీశారు. వాటిలో ఏడింటికి ఆస్కార్ వచ్చింది. వాళ్ల స్టూడియో మూతపడ్డాక, 1961, 62లలో జీన్ డైచ్ అనే దర్శకుడు ప్రాగ్ నగరంలో 13 చిత్రాలు తీశారు. డబ్బు తక్కువ, అక్కడి చిత్రకారుల్లో చాలామంది పాత టామ్ అండ్ జెర్రీ చూసింది కూడా తక్కువే. నన్ను భయపెట్టినవి ఆ పదమూడే. ఆ తరువాత 1963 నుంచి చక్ జోన్స్ అనే మరో దర్శకుడు 34 తీశారు. వాటిలో టామ్ కనుబొమలు దట్టంగా ఉంటాయి. 1975లో టీవీ కోసం మళ్లీ తీసినప్పుడు, పిల్లల కార్యక్రమాల్లో కొట్లాటలు కూడదన్న కట్టుబాట్ల వల్ల, టామ్‌నూ జెర్రీనీ ఏకంగా స్నేహితులను చేసేశారు. ఆలోచించండి, టామ్‌కూ జెర్రీకీ మధ్య స్నేహం!

ఇన్ని చేతులు మారాయి, ఇన్ని పొరపాట్లు జరిగాయి. 1940ల్లో తీసిన చిత్రం ఈ సాయంత్రం ఏ పిల్లాడి ముందు పెట్టినా వాడు కిందపడి నవ్వుతాడు. 1975 నాటి స్నేహం ఆ పాత పరుగులో ఒక్క అడుగు కూడా తగ్గించలేకపోయింది. మరో సంగతి కూడా చెప్పాలి. నన్ను భయపెట్టిన ఆ ప్రాగ్ చిత్రాలంటే మా అన్నయ్యకు ప్రాణం. అవి వచ్చినప్పుడల్లా నన్ను కేకేసి పిలిచేవాడు. ఒకరికి చెడిపోయినట్టు అనిపించింది మరొకరి బాల్యంలో మొదటి వరుసలో కూర్చుంటుంది. కొత్తదాన్ని చూసేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోండి, ముఖ్యంగా పాప పక్కన ఉన్నప్పుడు.

గొంతు గురించి మీరు రాసిన వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అది అలవాటు తప్పినందుకు కలిగిన చిరాకు కాదు. అది దుఃఖం. మీరు ఎన్నడూ చూడని మనిషి, మీ ఇంట్లో ఏళ్ల తరబడి రోజూ మాట్లాడాడు. ఆయన పోయినప్పుడు మీకు కబురు చెప్పినవాళ్లు లేరు, పరామర్శించినవాళ్లు లేరు. ఇప్పుడు ట్రైలర్‌లో వేరే గొంతు విన్నాక ఆ మరణం మీ దాకా వచ్చింది. కాబట్టి, కొత్త నటుడి మీద కోపం తెచ్చుకునే ముందు పాత నటుడి కోసం కొంచెం బాధపడండి. ఆయన గొంతు బాగా వినిపించే ఒక పాత ఎపిసోడు ఎంచుకుని, ఆయన కోసమే, ఒంటరిగా చూడండి. ఇది విడుదలకు కనీసం నెల ముందే జరగాలి. ముందు రోజు రాత్రి కాదు.

బగ్స్ బనీ మొదలుకొని ఎన్నో కార్టూన్ పాత్రలకు తన గొంతుతో ప్రాణం పోసిన మెల్ బ్లాంక్ 1989 జులైలో చనిపోయారు. ఆ కుందేలు మాట్లాడటం ఆపలేదు. వేరే నటులు ఒకరి తరువాత ఒకరు ఆ గొంతును మోశారు. డోరేమాన్‌కు జపాన్‌లో నొబుయో ఒయామా ఇరవై ఆరేళ్లు గొంతు ఇచ్చారు. 2005లో ఆమెతో పాటు ప్రధాన నటవర్గం మొత్తం తప్పుకుని, వసాబి మిజుతా వచ్చారు. అప్పటి అభిమానులకు అది ఎంత కష్టంగా ఉండి ఉంటుందో మీరు సులువుగా ఊహించగలరు. మిజుతా ఆ పాత్రలోకి వచ్చి ఇప్పటికి ఇరవై ఏళ్లు దాటింది. అక్కడ ఒక తరం పిల్లలకు డోరేమాన్ అంటే ఆమె గొంతే. ఒయామా 2024 సెప్టెంబరులో కన్నుమూశారు. ఒక తరం ఆమె కోసం ఏడ్చింది. మిజుతా గొంతుతో పెరిగిన మరో తరం ఏదో ఒక రోజున అలాగే ఏడుస్తుంది. డబ్బింగ్‌లో చూసిన మనలాంటివారికి ఇందులో మరో మెలిక ఉంది. మనం 'అసలు గొంతు' అనుకున్నది చాలాసార్లు అసలుదే కాదు, పేరు కూడా తెరమీద పడని ఒక డబ్బింగ్ కళాకారుడిది. ఆ పేరు తెలియని గొంతునే మనం ప్రేమించాం.

కొత్త గొంతు వినేటప్పుడు ఒక పని చేయండి. అది పాతదానిలా ఉందా అని వినకండి, ఎక్కడ ఆగుతోందో వినండి. హాస్యంలో నటుడి అసలు విద్య గొంతు రంగులో ఉండదు, విరామంలో ఉంటుంది. మాట అనే ముందు ఎంతసేపు ఆగాలి, ఏ అక్షరం మీద నొక్కాలి, ఎక్కడ మింగేయాలి అన్నది తెలిసినవాడు ఏ గొంతుతోనైనా నవ్విస్తాడు. పాత గొంతును అచ్చుగుద్దినట్టు అనుకరించి ఆ విరామం పట్టుకోలేనివాడు నవ్వించలేడు. డక్‌టేల్స్‌లో స్క్రూజ్ అనే ముసలి బాతు పాత్రకు మొదట గొంతు ఇచ్చిన అలన్ యంగ్ 2016లో చనిపోయారు. మరుసటి ఏడాది వచ్చిన కొత్త సిరీస్‌లో ఆ పాత్ర నటుడు డేవిడ్ టెనెంట్‌కు దక్కింది. ఆయన యంగ్‌ను అనుకరించలేదు. తాను పుట్టి పెరిగిన స్కాట్లాండ్ యాసలోనే, తన గొంతుతోనే మాట్లాడారు. నా మట్టుకు నాకు అదే గౌరవప్రదమైన దారి అనిపిస్తుంది. పోయినవారి గొంతును దొంగిలించకుండా, పాత్రను మాత్రం నిలబెట్టడం.

మీ కార్టూన్‌లో మిగతా పాత్రలకు పాతవాళ్లే గొంతు ఇస్తున్నారని రాశారు. ఆ ఒక్క ముక్క చదివి నేను ఊరట పొందాను. యానిమేనియాక్స్‌లో ప్రధాన పాత్రల్లో ఒకడైన యాకో గొంతు రాబ్ పాల్సన్‌ది. 2016లో ఆయనకు గొంతు క్యాన్సర్ అని తేలింది. చికిత్స తీసుకుని, కోలుకుని, 2020లో అదే పాత్రకు అదే గొంతుతో తిరిగి వచ్చారు. ఆ గొంతు వెనుక ఎంత బాధ ఉందో తెలిశాక నేను ఆ కొత్త ఎపిసోడ్లను వేరే చెవితో విన్నాను. తిరిగి వచ్చిన ప్రతి గొంతూ ఇరవై ఏళ్ల జీవితాన్ని దాటుకుని వచ్చినదే. కొంచెం బొంగురుపోయినా, పాత పరుగు అందుకోలేకపోయినా, దాన్ని లోపంగా లెక్కపెట్టకండి.

మీ తమ్ముడి సంగతికి వస్తాను. అతను అన్నది మొండితనం కాదు. అతని అనుమానానికి ఆధారాలున్నాయి. ముగ్గురు అమ్మాయిల కార్టూన్ పవర్‌పఫ్ గర్ల్స్ 2016లో తిరిగి వచ్చినప్పుడు ఆ ముగ్గురికీ మొదట గొంతు ఇచ్చిన నటీమణులను పిలవలేదు, సృష్టికర్త క్రెయిగ్ మెక్‌క్రాకెన్ కూడా అందులో లేరు. యానిమేనియాక్స్ కొత్త రూపంలో దాని సృష్టికర్త టామ్ రూగర్‌కు చోటు దక్కలేదు. ఇలాంటివి చూసిన అభిమాని 'అది మనది కాదు' అంటే తప్పు పట్టలేం. మరోవైపు ఫ్యూచరామా అనే కార్టూన్ ఉంది. 2022 ఫిబ్రవరిలో దాని పునరాగమనం ప్రకటించినప్పుడు అందులోని బెండర్ అనే రోబోకు గొంతు ఇచ్చే జాన్ డిమాజియో ఇంకా ఒప్పుకోలేదు. ఆయన లేకుండా వద్దని అభిమానులు గట్టిగా నిలబడ్డారు. కొన్ని వారాల్లో ఆయన తిరిగి చేరారు. అభిమానుల పట్టుదలకు విలువ ఉండే చోటు ఇది: ఎవరిని పిలిచారు, ఎవరిని వదిలేశారు అన్న ప్రశ్న దగ్గర.

రాకోస్ మోడరన్ లైఫ్ అనే కార్టూన్ కథ మీ తమ్ముడికి చెప్పి చూడండి. 1996లో ఆగిపోయిన ఆ సిరీస్‌ను సృష్టించిన జో మర్రే, 2019లో ముప్పావు గంట నిడివితో దాన్ని తిరిగి తెచ్చారు. అందులో ప్రధాన పాత్ర రాకో అంతరిక్షంలో ఇరవై ఏళ్లు గడిపి భూమికి వస్తాడు. లోకమంతా మారిపోయి ఉంటుంది. తనకు ఎంతో ఇష్టమైన కార్టూన్ ఆగిపోయిందని తెలిసి, దాన్నైనా మళ్లీ తీయించాలని బయలుదేరతాడు. అంటే తిరిగి వచ్చిన కార్టూన్ కథ, ఒక కార్టూన్‌ను తిరిగి తెప్పించుకోవాలన్న ఆరాటం గురించే. చివరికి తన కార్టూన్‌లో ఏదో కొత్తది చేరిందని రాకోకే ముందుగా కోపం వస్తుంది. మీ తమ్ముడి మాట నాకు రాకో నోట వినిపించింది. మీ కన్నీళ్లూ అక్కడ కనిపించాయి.

అయినా అతణ్ణి బలవంతపెట్టకండి. ట్రైలర్ మళ్లీ పంపవద్దు. 'ఒక్కసారి చూడరా' అన్న మాట కూడా వద్దు. అతను కాదంటున్నది కొత్త కార్టూన్‌నే. మీరు దాన్ని మీ మీదికి తెచ్చుకుని, చిన్ననాటి మనిద్దరినీ కాదంటున్నాడని నొచ్చుకున్నారు. మీ ఉత్తరంలో ఆ నొప్పి కనబడుతోంది, మీరు రాయకపోయినా. ఈ రెండూ వేరు చేయండి. మీ రహస్య భాష ఉంది కదా, అందులోని ఒక మాటను ఏ కారణమూ చెప్పకుండా అతనికి ఫోనులో అనండి. అతను తప్పకుండా దాని తరువాతి మాట అంటాడు. అక్కడి నుంచి ఆ పాత ఎపిసోడు మీ ఇద్దరూ కలిసి ఎప్పుడు చూడాలో మాట్లాడుకోండి. కొత్తది ఆ సంభాషణలోకి రావలసిన పని లేదు. అతను ఎన్నటికీ కొత్తది చూడకపోయినా మీ ఇద్దరికీ పోయేదేమీ లేదు. చూస్తే, తనంతట తాను, మీకు చెప్పకుండా చూస్తాడు. తమ్ముళ్లు అంతే.

ఈలోగా ట్రైలర్‌ను వదిలిపెట్టండి. దాన్ని ఆపి ఆపి, ఒక్కో బొమ్మా పరిశీలిస్తున్నానని రాశారు. హాస్యానికి ట్రైలర్ ఎప్పుడూ అన్యాయమే చేస్తుంది. పది నిమిషాలు మెల్లగా పేర్చుకుంటూ వచ్చి పేల్చవలసిన చమత్కారంలో ఆ పేలుడును మాత్రం కత్తిరించి చూపిస్తుంది. అది యాభైసార్లు చూస్తే, అసలు ఎపిసోడులో అది వచ్చే వేళకు మీ నవ్వు ముందే ఖర్చైపోయి ఉంటుంది. ఎదురుచూపు పొడవు మీద కూడా కోపం వద్దు. ఫీనియస్ అండ్ ఫెర్బ్ అనే కార్టూన్‌కు 40 కొత్త ఎపిసోడ్లు వస్తాయని 2023 జనవరిలో చెప్పారు, మొదటిది తెరమీదికి వచ్చింది 2025 జూన్‌లో. కార్టూన్‌లో ముందు మాటలు రాస్తారు, తరువాత నటులు గొంతు ఇస్తారు, ఆ గొంతుకు తగ్గట్టు సన్నివేశాల వరుస గీస్తారు, ఆపైనే బొమ్మలు కదులుతాయి, రంగులు, సంగీతం చేరతాయి. మీరు చూసే చమత్కారం రెండేళ్ల కిందట ఎవరో రాసినది. యానిమేనియాక్స్ తిరిగి వచ్చినప్పుడు మొదటి ఎపిసోడులోనే ఈ సంగతి దాచకుండా చెప్పేశారు: ఇది 2018లో రాస్తున్నాం, మీరు చూసే వేళకు లోకం ఎలా ఉంటుందో మాకు తెలియదని. ఆ నిజాయితీ నాకు చాలా నచ్చింది.

పాపకు ముందు ఏది చూపించాలి? కొత్తదే. ఇందులో నాకు సందేహం లేదు. పాతది ముందు చూపిస్తే మీరు తెర వైపు చూడరు, పాప ముఖం వైపు చూస్తారు. మీరు నవ్విన చోట నవ్విందా లేదా అని వెతుకుతారు. పిల్లలకు ఆ చూపు తెలిసిపోతుంది. అమ్మ కోసం నవ్వుతారు, లేదా అమ్మ కోసం నవ్వాల్సి వస్తోందని విసుక్కుంటారు. రెండూ మీకు వద్దు. కొత్తది మీ ఇద్దరికీ కొత్తే. ఎవరికీ ముందు తెలియదు, ఎవరూ ఎవరికీ పరీక్ష పెట్టరు. మీరు ఉలిక్కిపడి నవ్వడం పాప చూస్తుంది. అందులో ఎవరు ఎవరో పాప మీకు వివరించే రోజు కూడా రావచ్చు. ఏదో ఒక రోజు, 'వీళ్లు ఇంతకుముందు కూడా ఉండేవాళ్లా అమ్మా?' అని అడుగుతుంది. పాతది తీయవలసింది అప్పుడు.

అప్పుడు ఒక చిన్న జాగ్రత్త. మీ చిన్ననాటి టీవీ తెర దాదాపు చతురస్రంగా ఉండేది, వెడల్పు నాలుగు పాళ్లయితే ఎత్తు మూడు పాళ్లు. ఇప్పటి వెడల్పాటి తెర నింపడానికి కొన్నిచోట్ల పాత బొమ్మ పైనా కిందా కత్తిరించి చూపిస్తారు. హాస్యంలో ఇది చిన్న విషయం కాదు. సింప్సన్స్ అనే కార్టూన్ పాత ఎపిసోడ్లను 2019లో అలా కత్తిరించి పెట్టినప్పుడు ఒక చమత్కారం మొత్తం మాయమైంది. మూడు రకాల బీరు పీపాలకూ పైన ఉన్న ఒకే గొట్టం నుంచి సరఫరా అవుతున్నట్టు చూపించే దృశ్యం అది. గొట్టం తెర బయటికి పోయింది, మిగిలినవి మూడు మామూలు పీపాలు. అభిమానులు గొడవ చేశాక 2020లో అసలు ఆకారం తిరిగి ఇచ్చారు. కాబట్టి పాపకు చూపించేటప్పుడు అటూ ఇటూ నల్లటి పట్టీలు ఉన్న రూపమే వెతికి పెట్టండి. ఆ పట్టీలను చూసి బొమ్మ చిన్నదైపోయిందనుకోకండి. మీరు చూసింది పూర్తిగా ఉన్నది అందులోనే.

సెలవు సంగతి చివర సిగ్గుపడుతూ అడిగారు. పెట్టండి. దగ్గరివాళ్లు ఏళ్ల తరువాత వస్తుంటే సెలవు పెట్టి ఎదురు వెళ్లమా? అయితే పూర్తి రోజు అక్కర్లేదు, మధ్యాహ్నం నుంచి చాలు. ఒక ఎపిసోడు ఇరవై రెండు, ఇరవై మూడు నిమిషాలు ఉంటుంది, మీకు ఆ రోజు నేను ఇచ్చింది ఒకటే. పాప బడి నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఉండండి. సంచి ఎక్కడ విసిరేసినా ఆ ఒక్క రోజు ఏమీ అనకండి.